మోకాలెత్తు దీపం

"ఉప్పు ఇటు జరపమని చెప్పమ్మాయ్ వాడికి."

ఉప్పుగిన్నె వాడి మోచేతి పక్కనే ఉంది. చెప్పమన్న ముసలాయన వాడికి ఎదురుగానే కూర్చున్నాడు. తండ్రికీ చిన్నకొడుక్కీ మధ్య ఉన్నది బల్ల వెడల్పే.

"మామయ్యకి ఉప్పు కావాలట," అంది కోడలు.

"చెయ్యి చాపితే అందుతుందని చెప్పు వదినా మీ మామగారికి," అన్నాడు మరిది, రొట్టె మీంచి తల ఎత్తకుండా.

ఆ మాట ఆమె చెప్పలేదు. తనే లేచి గిన్నె జరిపింది.

పంతొమ్మిది రోజులుగా ఇదే వరస. ఇంటి అడుగున ద్రాక్షరసం పులియబెట్టే రెండు నేలమాళిగల్లో కిందిదాంట్లో కరెంటు దీపాలు బిగించిన రోజున, తండ్రి చేతిలో కొవ్వొత్తి చూసి చిన్నోడు నవ్వాడు. "ఇంకా ఎన్నాళ్లు నాన్నా ఈ నాటకం?" అన్నాడు. ముసలాయన కొవ్వొత్తి ఊది ఆర్పేసి పైకి వచ్చాడు. ఆ పూట నుంచి ఆయనకు చిన్నకొడుకు 'నీ మరిది' అయ్యాడు. వాడికి తండ్రి 'మీ మామగారు' అయ్యాడు. ఇద్దరి మాటలూ కోడలి చెవిలో దూరి నోట్లోంచి బయటికి రావాలి.

ఆమె ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు మోసేది కాదు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరేది. గాడిద అన్న మాట తీసేసి, పని మాట అందించేది. పొగరు తీసేసి, జవాబు అందించేది. అలా ఏరుతుంది కాబట్టే ఆ ఇల్లు ఇంకా ఒక కప్పు కింద ఉంది.

"పదకొండుకి బస్సు వస్తుంది," అన్నాడు మరిది. ఊరు చూడొచ్చే బస్సులవాళ్లకి అన్నీ తిప్పి చూపించడం వాడి పని. ఇది ఎవరికి చెప్పాడో తెలియదు. మొలకు కట్టుకున్న తాళంచెవి తడుముకున్నాడు. కింది మాళిగ తాళంచెవి అది. పోయిన వారం పెద్దకొడుకు మధ్యలో పడి, తండ్రి చేతిలోంచి తీసి తమ్ముడి చేతిలో పెట్టినది. "మొత్తం పన్నెండు మంది. మీ అమ్మతో కలిపి వదినా."

"నాకు తెలుసుగా."

"ముందు కోట గోడ. తర్వాత పాత గానుగ వీధి. తర్వాత మన ఇల్లు. పై మాళిగ, కింది మాళిగ. అంతా రెండు గంటలు."

కింది మాళిగ అన్న మాట దగ్గర ముసలాయన నమలడం ఆపాడు. కోడలి వైపు చూశాడు. ఆమె కుండలో పాలు ఎంతున్నాయో చూడ్డానికి లేచింది.

ఆమె భర్త, ఆ పెద్దకొడుకు, అప్పటిదాకా బల్ల చివర ఉన్నాడో లేడో అన్నట్టున్నాడు. నెలకు నాలుగు మాటలు మాట్లాడతాడు, అందులో మూడు ట్రాక్టరుతో. పళ్లెం పక్కకి తోసి, "చక్రంలో గాలి తగ్గింది," అని చెప్పి తోటకు వెళ్లిపోయాడు. తండ్రి కూడా లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే, "మీ అమ్మకి నా నమస్కారం చెప్పమ్మాయ్. భోజనం వేళకి వస్తాను," అన్నాడు.

ఆ మాట ఒక్కటే ఆ పొద్దున ఆ ఇంట్లో రాయి లేని మాట.

ఏరకుండా మిగిలిపోయిన మాట ఒకటి ఆమె దగ్గరే ఉంది. తెల్లవారుతూనే పెరట్లో చెప్పాడు ముసలాయన. చేతులకు గడ్డిపరకలు అంటుకుని ఉన్నాయి. చలికి ముక్కు ఎర్రబడి ఉంది.

"గాలి కంత మూసేశానమ్మాయ్. ఉత్తరపు గాలి పది రోజులు ముందే దిగింది. కింద ఉన్న రెండు పీపాలకీ చలి తగిలితే రసం పులిసే పొంగు ఆగిపోతుంది. రెండు రోజులు ఎవరూ కిందికి దిగకూడదు. వాడికి చెప్పు."

"చెబుతాను మామయ్యా."

"ఇది కూడా చెప్పు. తల్లి ఊపిరాడక కొట్టుకుంటున్న పూట కోట గోడల మీద ఊరు చూడొచ్చినవాళ్లకి కథలు చెప్పుకుంటూ తిరిగినవాడికి, గాలి విలువ ఏం తెలుస్తుందని నేనన్నానని చెప్పు. మరిచిపోవు కదా?"

"ఎప్పుడైనా మరిచానా?"

మరవలేదు. చెప్పలేదు. నాలుగేళ్ల కిందట అత్తగారు పోయిన రోజు మరిది గుమ్మంలో నిలబడ్డ తీరు ఆమె చూసింది. ఆ మాట వాడికి చేరితే వాడు సంచి సర్దుకుంటాడు. ఇక తిరిగి రాడు. ఏరుదామని చూసింది. ఒక సగం రాయి, ఒక సగం గింజ. విడదీయడం కష్టమేమీ కాదు. గాలి కంత మూశారట, కిందికి దిగకండి. అంతే కదా.

కానీ ఆమెకూ ఒక ఆశ ఉంది. పదకొండేళ్లుగా తల్లికి ఉత్తరాల్లో ఆ కింది మాళిగ గురించే రాసింది. కొండ రాతిని ఉలితో తొలిచిన గది అనీ, గోడ మీద తాతల వేళ్ల గుర్తులున్నాయనీ. తల్లి ఒక్కసారి కూడా రాలేకపోయింది. ఈ రోజు వస్తోంది, కుట్టుపని చేసే ఆడవాళ్లందరినీ వెంటేసుకుని. అదీ ఒక్క పూటకి. ఈ ముసలాయన సరిగ్గా ఇవ్వాళే కంత మూశాడు. చలి కోసం మూశాడా, కొడుకు మీద కచ్చతో మూశాడా? ఆ అనుమానం ఒకటి మెల్లగా లేచి, ఆమె నాలుక మీద కూర్చుంది.

పది దాటాక బస్సు దగ్గరికి దిగువ సందులోంచి నడిచింది. ఆ ఊరు కొండ వాలున ఉంది. ఇంటి ముందు గుమ్మం ఎగువ వీధిలోకి, కింది మాళిగ గాలి కంత దిగువ సందులోకి. పీపాలు దొర్లి దొర్లి రాళ్ల మీద రెండు గాడులు పడ్డాయి. ఆ గాడుల్లో ఎండిన ద్రాక్ష తొక్కలు, వాటి మీద కందిరీగలు. ఏ గోడకు చెయ్యి ఆనించినా పుల్లటి తడి.

కంత ఆమె మోకాలి కింద ఉంది. గడ్డి కుక్కిన రెండు గోనెసంచులు, వాటి మీద అడ్డంగా ఒక బల్లచెక్క. మామగారి పని అంటే అంతే, సూది దూరదు.

ద్రాక్షరసం పులిసేటప్పుడు ఒక గాలి వదులుతుంది. రంగు లేదు, కంటికి ఆనదు. వాళ్లింట్లో దాన్ని బరువు గాలి అంటారు. పై మాళిగ తొట్లలోంచి మెట్ల మీదుగా నీళ్లలా జారుతుంది. కింది మాళిగ నేల మీద పరుచుకుని, ఈ కంతలోంచి సందులోకి పోతుంది. కంత మూస్తే పోయే దారి లేదు. అడుగు నుంచి నిండుతూ వస్తుంది. అందుకే ఆ ఇంట్లో పొంగు రోజుల్లో కంత మూసినవాడు ఉదయం బల్ల దగ్గర అందరికీ వినపడేలా చెప్పాలి. చెప్పాకే రొట్టె విరవాలి. ముసలాయన తాత పెట్టిన పద్ధతి. ఈ ఏడు బల్ల దగ్గర మాటల్లేవు.

ఆమె వంగి సంచి చెవిని పట్టుకుంది. లాగలేదు. తాను లాగితే మామయ్య రెండు పీపాలు పాడవుతాయి. లేచి నడిచింది.

"అదిగో నా కూతురు! చూడండే, ద్రాక్షలు తిని తిని ఎలా అయిందో!"

బస్సు మెట్టు మీంచే అరిచింది తల్లి. గుండ్రంగా, పొట్టిగా, మోకాళ్ల నొప్పితో ఒక పక్కకు వాలి నడుస్తుంది. వెనక పదకొండు మంది ఆడవాళ్లు. అందరి వేళ్ల మీదా సూది మచ్చలు.

"నేనేం లావయ్యానమ్మా?"

"లావని ఎవరన్నారే? వెడల్పయ్యావు అన్నాను."

ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. వాళ్లలో బొత్తాలు కుట్టే ఆవిడ ఆమె చెంప పట్టుకుని, "మీ అమ్మ బస్సులో మూడు గంటలూ నీ ఇంటి గురించే చెప్పింది. మేమింక ఆ మాళిగలు చూడకపోయినా ఫర్వాలేదమ్మా, మొత్తం తెలిసిపోయింది," అంది.

మరిది కోట గుమ్మం కింద నిలబడి చప్పట్లు కొట్టాడు. ఇంట్లో ముడుచుకుని కూర్చునే మనిషి, గోడ దగ్గరికి వచ్చేసరికి జానెడు పెరుగుతాడు.

"ఈ గోడ వయసు నాలుగు వందల ఏళ్లు! మూడుసార్లు శత్రువులు చుట్టుముట్టారు. మూడుసార్లూ ఊరు లొంగలేదు. ఎందుకో తెలుసా? కింద మాళిగల్లో ఏడాదికి సరిపడా ద్రాక్షసారా ఉండేది."

"తాగి పడుకున్నారేమో బాబూ, తలుపు తియ్యడానికి ఎవరూ లేవక," అంది తల్లి.

మరిది కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి చాలా రోజులైంది. అదే సమయమనుకుంది ఆమె. జనం గోడెక్కుతుంటే వాడి పక్కకు వెళ్లింది.

"అబ్బాయ్, ఒక మాట. మామయ్య పొద్దున..."

వాడి ముఖం అక్కడికక్కడే మూసుకుపోయింది.

"వద్దు వదినా. ఆయన మాటయితే సాయంత్రం చెప్పు. ఈ ఒక్క పూట నాకొదిలెయ్."

"అది కాదు, కింద..."

"నీకు దణ్ణం పెడతాను."

నిజంగానే చేతులు జోడించాడు. అందరూ చూస్తున్నారు. ఆమె నోరు మూసుకుంది. మూసుకున్నప్పుడు లోపల ఏదో తేలికపడింది. ఆ తేలిక ఆమెకు నచ్చలేదు.

ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట కావస్తోంది. తల్లి ప్రతి గది చూసింది. పొయ్యి చూసింది, మంచం నొక్కి చూసింది, తలుపు పరదా తిరగేసి కుట్టు చూసి, "ఎవరు కుట్టారిది? చేతులు విరగ్గొట్టాలి," అంది. తర్వాత కుర్చీ కోసం వెతికింది. "కాళ్లు పీకుతున్నాయే అమ్మడూ. ఆ కింద కూర్చోడానికి చోటుందా?"

"రాతి అరుగుంది అత్తయ్యా," అన్నాడు మరిది తాళం తీస్తూ. "చల్లగా, నేలకి జానెడెత్తు. మా నాన్న..." ఆగాడు. "మా పెద్దవాళ్లు అక్కడే కునుకు తీసేవాళ్లు."

"అయితే నేను పైకి రానింక. నా భోజనం అక్కడికే పంపు."

నవ్వుకుంటూ దిగారు. మెట్ల మీద కరెంటు దీపాలు వెలిగాయి, ఒకదాని వెనక ఒకటి, పసుపుపచ్చగా. కోడలు వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని చూసింది. పై మాళిగలో తలుపు కిర్రుమంది. 'ముందు పైది చూపిస్తాడు. అరగంట పడుతుంది. నూనె దించి వెళ్లి చెబుతాను' అనుకుంది. పన్నెండు మందికి పళ్లేలు తీసింది. ఒకటి తక్కువైంది. వెతికింది.

పెళ్లయిన కొత్తలో మామగారే ఆమెను కిందికి తీసుకెళ్లాడు. చేతికి కొవ్వొత్తి ఇచ్చాడు. అందరిలాగే ముఖం ఎదురుగా పట్టుకుంది. ఆయన ఆమె మణికట్టు పట్టి కిందికి దించాడు.

"మోకాలెత్తున పట్టుకో అమ్మాయ్. ముఖం దగ్గర పెట్టుకుంటే, దీపం ఆరేలోపు నువ్వు ఆరిపోతావు."

"ఆరితే ఏం చెయ్యాలి మామయ్యా?"

"వెనక్కి తిరగాలి."

"కింద ఎవరైనా ఉంటే?"

"మా పెదనాన్న పీపా చూడ్డానికి దిగి పడిపోయాడు. ఆయన్ని లాగడానికి మా నాన్న దిగాడు. ఇద్దర్నీ తాళ్లేసి తీశారు. కింద ఎవరున్నా సరే, వెనక్కి తిరగాలి."

వంటింటి వెనక తలుపు చప్పుడైంది. ముసలాయన. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, తల తడిపి దువ్వుకున్నాడు. చేతిలో చిన్న బుట్ట. అందులో నల్లటి గుత్తులు, ఒక్క కాయ నలగలేదు.

"కొన వరస కాయలు. మీ అమ్మ కోసం ఏరి తెచ్చాను. ఎక్కడున్నారు వదినగారు?"

"మాళిగ చూస్తున్నారు మామయ్యా."

"పైదేగా?"

ఆమె పళ్లెం తుడుస్తోంది. తుడిచిన పళ్లేన్నే మళ్లీ తుడుస్తోంది.

"అమ్మాయ్."

ఆయన ఒక అడుగు దగ్గరికొచ్చాడు.

"వాడికి చెప్పావుగా?"

ఉడుకుతున్న గిన్నె మీద మూత టకటకమంది. బయట వీధిలో ఎవరో పీపా దొర్లిస్తున్నారు.

"చెప్పలేదు మామయ్యా."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. బుట్టను నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు, కాయలు నలుగుతాయన్నట్టు.

"ఎంతసేపైంది?"

"అరగంట... ఎక్కువే."

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు, ఆడవాళ్ల గొంతులు. కోడలి ప్రాణం లేచి వచ్చింది. ఒక్కొక్కరే పైకి వస్తున్నారు. కానీ నవ్వడం లేదు. ఒకామె గోడ పట్టుకుని వస్తోంది. బొత్తాలావిడ నుదురు నొక్కుకుంటోంది.

"తల పగిలిపోతోందమ్మా. ఆ పుల్లటి వాసన పడలేదు."

కోడలు లెక్కపెడుతోంది. తొమ్మిది. పది. పదకొండు.

"మా అమ్మేది?"

"అరుగు మీద కూర్చుని కునుకు తీస్తోంది. లేపితే లేవదే! 'ఐదు నిమిషాలు' అంది. మీ మరిది మమ్మల్ని పై మెట్టు దాకా ఎక్కించి, ఆమెను లేపుకొస్తానని మళ్లీ దిగాడు. వచ్చేస్తారులే."

ముసలాయన అప్పటికే కొవ్వొత్తి వెలిగించాడు. వత్తి ఒక్కసారికే అంటుకుంది. అది ఆమె చేతిలో పెట్టాడు.

"నేను సందులోకి పోయి కంత తీస్తాను. నువ్వు మెట్ల మీద నిలబడి పిలువు. దిగగలిగినంతే దిగు. దీపం చెప్పినట్టు చెయ్యి. వింటున్నావా? దీపం చెప్పినట్టు చెయ్యి."

"మామయ్యా, అమ్మ..."

"ముందు నువ్వు జాగ్రత్త." అప్పటికే గుమ్మం దాటాడు. డెబ్బై రెండేళ్ల మనిషి, ఆ వాలు సందులో పరుగెత్తుతున్న చప్పుడు వినిపించింది.

పై మాళిగ దాటింది. తొట్లలో రసం బుసబుసమంటోంది. కింది మాళిగకి ఇరవై రెండు మెట్లు. మోకాలెత్తున దీపం పట్టుకుని దిగింది. ఐదు. ఆరు.

"అమ్మా!"

కింద కరెంటు దీపాలన్నీ ధగధగా వెలుగుతున్నాయి. ఏ లోటూ లేనట్టు. వాటికి ఊపిరి అక్కర్లేదు.

"అబ్బాయ్! పైకి రండి! వినపడుతోందా?"

పది. పదకొండు. మంట పొట్టిదైంది. పన్నెండో మెట్టు మీద తల్లి చెప్పు ఒకటి ఉంది. ఎడమకాలిది. మోకాలు నొప్పి వైపుది, దిగేటప్పుడు విడిచినట్టుంది. పదమూడు. మంట అంచు నీలమైంది. పద్నాలుగో మెట్టు మీద, ఎవరూ ఊదకుండానే, ఆరిపోయింది. చిన్న పొగ లేచి, పైకి పోకుండా, మెట్ల వెంట కిందికి జారింది.

వెనక్కి తిరగాలి.

గోడవతల ఎక్కడో గోనె గోకుతున్న చప్పుడు. దూది కుక్కిన నోట్లోంచి వచ్చినట్టు ఒక గొంతు. ఇంకో సంచి కదిలింది. గొంతు కొంచెం తేటపడింది.

"చిన్నోడా! ఒరే నాన్నా! పైకి రారా!"

పంతొమ్మిది రోజుల తర్వాత తండ్రి కొడుకుతో నేరుగా మాట్లాడాడు.

కింద ఏదో కదిలింది. మెట్ల మొదట్లో గోడ మీద ఒక నీడ పడింది. ఒక మనిషి నీడ కాదు, ఇద్దరిది. ఒకరిని ఒకరు భుజాన వేసుకున్నట్టు. ఆ నీడ ఒక మెట్టు పైకి వచ్చింది. ఇంకో మెట్టు. అక్కడ ఆగింది. మెల్లగా కుంగి పొట్టిదైంది.

"వదినా..." మరిది గొంతు. నాలుక మందమైనట్టు, నిద్రలో మాట్లాడినట్టు. "వదినా, నాన్నకి చెప్పు..."

మీ మామగారికి అనలేదు. నాన్నకి అన్నాడు.

ఆమె ఊపిరి బిగపట్టి విన్నది. మిగతా మాట రాలేదు.

"అమ్మాయ్!" కంతలోంచి ముసలాయన గొంతు ఇప్పుడు స్పష్టంగా, పక్కనే ఉన్నట్టు వచ్చింది. "వాడి గొంతేనా అది? ఏమన్నాడు? ఏమన్నాడమ్మా వాడు?"

ఆరిన కొవ్వొత్తి చేతిలో వెచ్చగా ఉంది. ఆరేడు మెట్ల కింద ఇద్దరు. ఈసారి ఏరడానికి ఒక్క రాయి లేదు. అందించడానికి మాటా లేదు.

ఆమె కొవ్వొత్తిని మెట్టు మీద పెట్టింది. రెండు చేతులూ ఖాళీ చేసుకుంది.